ముందు కంప్రెషన్ సూద్దాం

కాశీబుగ్గ కారు మెకానిక్ ఢిల్లీరావుకి లోకంలోని రోగాలన్నిటికీ ఒకటే పరీక్ష, ఇంజను కంప్రెషన్, అంటే లోపలి గాలి ఒత్తిడి. వైపర్ తిరగడం లేదన్నా, డోరు పడటం లేదన్నా "అవన్నీ తరవాత. ముందు కంప్రెషన్ సూద్దాం" అంటాడు. చెప్పిన రోగం చెప్పినట్టే ఉంటుంది, ప్లగ్గులు మాత్రం బయటికొచ్చేస్తాయి.

ఆ పరీక్షకో ఆచారం కూడా ఉంది. ప్లగ్గు ఊడదీసిన చోట అరిసె అంత గేజు బిగించి, ఓనర్ని సీట్లో కూర్చోబెట్టి, ఎక్సలేటర్ అడుగంటా తొక్కి సెల్ఫు కొట్టమంటాడు. ఇంజను కాసేపు దగ్గాక గేజు విప్పి తెచ్చి ఓనరు ముక్కు దగ్గర పెడతాడు. ముల్లు ఎక్కడ ఆగిందో ఓనరే పైకి చదవాలి. "నాను సెప్తే మెకానిక్కు దొంగంటారు. మీ కళ్ళు మీకు అబద్దం సెప్పవు గదా!" అంటాడు.

భావనపాడు నుంచి చేపలు తెచ్చే చిన్నతల్లి ఓసారి పాత పెట్రోలు వ్యానుకి టైరు పంచరని వచ్చింది.

"టైరుకీ ఇంజనుకీ ఏటి సమ్మందం బావా?"

"తలనొప్పని ఎల్తే డాట్రు నాలిక సూడడేటి?"

చిన్నతల్లి సెల్ఫు కొట్టింది, ముల్లు చదివింది, చేపలు పాడైపోతున్నాయని నాలుగు తిట్లు తిట్టి టైరు తనే మార్చుకుపోయింది.

అలాంటివాడి దగ్గరికి, హారన్ మోగడం లేదని, రిటైరైన లెక్కల మేస్టారు సూర్యప్రకాశ్ గారు తన ముసలి కారు తెచ్చారు. పక్క సీట్లో కొడుకు ఫణిశంకర్ ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్నాడు. నాన్నగారి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ మాటెత్తితే "నాకేం, నిక్షేపంగా కనిపిస్తోంది" అంటారు. వచ్చేదారిలో రోడ్డుకడ్డంగా నిలబడ్డ గేదెని చూసి, తల బయటపెట్టి "కొంచెం తప్పుకో తల్లీ" అని మర్యాదగా చెప్పారు. తాళాలు లాక్కుంటే పెద్దాయన మనసు విరుగుతుంది, వదిలేస్తే ఎవరి కాలో విరుగుతుంది. ఏం చేయాలో తోచక ఫణి ఆ గేదె సంగతి ఢిల్లీరావు చెవిన వేశాడు.

"అలగా బాబూ! ముందు కంప్రెషన్ సూద్దాం."

ఫణికి ఒళ్ళు మండిపోయింది.

మేస్టారు సెల్ఫు కొట్టారు. ఢిల్లీరావు గేజు విప్పాడు గానీ, ముక్కు దగ్గరికి తేలేదు. వెనక్కి నడిచి, షెడ్డు గేటు దగ్గర నిలబడి ఎత్తి పట్టుకున్నాడు. ముల్లు నూటయాభై మీద ఉందని ఫణికి స్పష్టంగా కనబడుతోంది.

మేస్టారు కళ్ళు చికిలించి, "నూట ఇరవై!" అన్నారు.

"అవునండి. సాలదండి. బండి ఇక్కడే ఉండాల."

కొన్నాళ్ళకి మళ్ళీ అదే తంతు. ఈసారి మేస్టారు ముందుజాగ్రత్తగా "నూట తొంభై!" అన్నారు.

"ఓలమ్మో! ఎక్కువైపోనాది. ఇది మరీ డేంజరండి."

ఆటోలో ఇంటికెళ్తూ మేస్టారు, "ఫణీ, ముల్లు నాకు కనబడలేదురా. ఊరికే ఏదో చెప్పాను" అన్నారు. "జవాబు తెలియకపోతే ఊహించి రాయొద్దని పిల్లల్ని చితకబాదేవాణ్ణి నేను."

మర్నాడే ఫణి తండ్రిని టెక్కలి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆపరేషనై, నల్లకళ్ళద్దాలు తీసేయొచ్చన్నాక మేస్టారు నేరుగా షెడ్డుకొచ్చి కారులో కూర్చున్నారు. సెల్ఫు కొట్టారు. ఢిల్లీరావు మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"నూటయాభై! గీత మీద వెంట్రుకవాసి ఎక్కువ. ఇంజనుకి ఏం రిపేరు చేశావయ్యా?"

"నానేటీ ముట్టుకోలేదండి" అంటూ ఢిల్లీరావు ప్లగ్గులు బిగించేసి బానెట్ మూశాడు.

మేస్టారు అతని వంక తేరిపార చూశారు. నూనె మరకల వెనక ఆ ముఖం నవ్వు ఆపుకోవడం కూడా ఆయనకి చక్కగా కనబడింది. ఆయనా నవ్వుతూ స్టీరింగ్ మధ్యలో నొక్కారు. చప్పుడు లేదు.

"ఢిల్లీ! మరి హారనో?"

"ఇప్పుడు గేదె కనబడతాది గదండి మేస్టారూ. ఇంక హారన్తో పనేటి?"