యాళి కోర పీకిన రోజు

నా చిన్నప్పుడు మా ఆళ్లగడ్డలో నేను భయపడేది ఒక్కదానికే. బడిలో బెత్తం పట్టుకునే అయ్యవారికీ కాదు, వీధికుక్కలకూ కాదు, మా ఇంటి వెనక కొట్టంలో నోరు తెరుచుకుని కూర్చున్న యాళికి. మా తాత రాతిశిల్పి. గుడి మెట్లకు అటూ ఇటూ కాపలా కూర్చునే వింత జంతువు ఉంటుంది చూడండి, సింహం ఒళ్లు, పొడుచుకొచ్చిన గుడ్లు, పై దవడ నుంచి దిగిన రెండు కోరలు, అదే యాళి. బనగానపల్లె దారిలోని ఒక ఊరి గుడికి తాత అలాంటివి రెండు చెక్కాడు. చెక్కడం అయిపోయింది, నునుపు పట్టడమే మిగిలింది. దొడ్లోకి పోవాలంటే ఆ రెండింటి ముందు నుంచే పోవాలి. నేను మాత్రం పక్కింటివాళ్ల గోడ దూకి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఎందుకని ఎవరడిగినా చెప్పేదాన్ని కాదు. శిల్పి మనవరాలు రాతికి జడుసుకుందంటే పరువు పోదూ!

ఆ పక్కింట్లోనే మా టీచరమ్మ ఉండేది. చర్చి బడిలో ఇంగ్లీషు చెప్పేది. పిల్లలు లేరు, అందుకని నన్నే వెంట తిప్పుకునేది. ఒకసారి సెలవుల్లో నంద్యాలలో ఉదయం ఆటకు పిల్లలు చూసే ఇంగ్లీషు సినిమా వచ్చిందని తెలిసి, మా అమ్మను అడిగి నన్ను బస్సెక్కించింది. ఇనుప చొక్కా తొడుక్కున్న ఒక వీరుడికీ, నోట్లోంచి మంటలు కక్కే డ్రాగన్‌కూ స్నేహం కుదిరే కథ అది. డ్రాగన్ అంటే ఏందని అడిగాను. "మీ తాత చెక్కే యాళి ఉండాది గదా, దానికి రెక్కలు పెట్టినట్లు అనుకో" అంది. ఆ ఒక్క మాట ఎంత పని చేయబోతోందో పాపం ఆవిడకేం తెలుసు.

సినిమా మొదలైంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. టీచరమ్మ నా చెవిలో గుసగుసగా తెలుగు చెబుతుంటే ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగారు. నోరు మూసుకోమంటారేమో అనుకుంటే, "అమ్మా, కొంచెం గట్టిగా చెప్పు తల్లీ, మాగ్గూడా ఇనపడల్ల" అన్నారు. ఇంకేం, ఆవిడ పాఠం చెప్పినట్లు గొంతు పెంచింది. హాలంతా టీచరమ్మ కథే వింది. బొమ్మ ముందుకు పోతున్నా ఆవిడ వెనకే ఉండిపోయేది. అప్పటికే తెరమీద ఎవరో గుర్రం మీంచి పడుతుంటే ఆవిడ ఇంకా రాజుగారి విందు గురించి చెబుతూ ఉండేది. సగం కథ ఆవిడ సొంతంగా అల్లిందేనని నాకు ఇప్పటికీ అనుమానం. అయితేనేం, అంత బాగా నేను మళ్లీ ఏ సినిమా చూడలేదు.

డ్రాగన్‌ను చంపి రమ్మని రాజు వీరుడిని పంపిస్తాడు. వీరుడు గుహలోకి పోయి చూస్తే ఆ డ్రాగన్ కోపంతో అరవడం లేదు, ఏడుస్తోంది. దాని పన్ను ఒకటి పుచ్చిపోయింది. వీరుడు కత్తి పారేసి, కింది దవడ మీద కాలు పెట్టి, రెండు చేతులతో ఆ పన్ను పట్టుకుని లాగుతాడు. రాదు. మా వెనకనుంచి ఒకాయన లేచి నిలబడి, "పీకప్పా, గట్టిగా పీకు!" అని కేక. చివరికి పన్ను ఊడింది. హాల్లో ఈలలే ఈలలు. ఆ తర్వాత డ్రాగన్ వీరుడిని వీపుమీద ఎక్కించుకుని ఊళ్లమీద తిప్పుతుంది, రాజు కళ్లు తిరిగి పడిపోతాడు. నేను చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రగా చేసుకున్నాను.

ఇంటికొచ్చి తాతకు కథంతా చెప్పి, రెండు కాళ్ల డ్రాగన్‌ను బొగ్గుతో గీసి చూపించాను. ఆయన బీడీ కూడా మరిచిపోయి విన్నాడు. విన్నాడే గానీ శిల్పి బుద్ధి ఎక్కడికి పోతుంది? "అంత ఒంటికి రెండు కాళ్లేనా? రెక్కల బరువు యాడ ఆన్తాది మే? ఎవుడో కొలత తెలీనోడు చేసినాడు" అని తేల్చేశాడు. నా మనసులో మాత్రం వేరే ఆలోచన తిరుగుతోంది. మన యాళి కూడా ఇన్నాళ్లూ నోరు మూయకుండా కూర్చుందంటే పన్ను నొప్పే అయ్యుంటుంది. అది పీకేస్తే నాకూ దానికీ స్నేహం, ఇక గోడ దూకే పని లేదు. నవ్వకండి, ఎనిమిదేళ్ల పిల్లకు అంతకంటే గొప్ప తర్కం ఎక్కడినుంచి వస్తుంది!

మరునాడు మధ్యాహ్నం తాత సంగటి తిని నడుము వాల్చాడు. పనివాళ్లు అన్నాలకు వెళ్లారు. నేను చిన్న ఉలీ సుత్తీ తీసుకుని యాళి ముందు నిలబడ్డాను. మూడు దెబ్బలు గురి తప్పాయి. నాలుగో దెబ్బకు కోర టప్పున విరిగి నా కాళ్ల దగ్గర పడింది. యాళి వైపు చూశాను. నోరు అలాగే తెరిచి ఉంది, కానీ ఇప్పుడది డ్రాగన్‌లా లేదు, ముందరి పన్ను ఊడిన మా జేజిలా, అదే మా నాయనమ్మలా ఉంది. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. కోరను పావడ చెరగులో మూట కట్టుకుని, ఉలి చేతిలో ఉండగానే ఇంట్లోకి పరిగెత్తి జొన్నల బానల వెనక దాక్కున్నాను.

కాసేపటికి కొట్టంలోంచి మా నాయన కేకలు వినిపించాయి. లేచి వచ్చి తలుపు సందులోంచి చూశాను. రాళ్లకు నీళ్లు పోసి రుద్ది నునుపు పట్టే అక్క ఒకామె మా దగ్గర పనిచేసేది. ఆ యాళి మీద చెయ్యి పెట్టేది ఆమె ఒక్కతే కాబట్టి తప్పు ఆమెమీదికే పోయింది. "గుడి పెద్దోళ్లు నాలుగు దినాల్లో వస్తాండారు. వాళ్లకు ఏమని చెప్పల్ల? రేపట్నుంచి పనిలోకి రావద్దు పో!" అని నాయన అరుస్తున్నాడు. అక్క తల దించుకుని నిలబడింది, ఒక్క మాట అనలేదు. ఆమె పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని నాకు కూడా తెలుసు. బయటికి పోయి చెప్పాలని ఉంది, పోలేదు. మా నాయన చెయ్యి ఎంత గట్టిదో నా వీపుకు బాగా తెలుసు మరి.

ఆ గోలకు తాత లేచి వచ్చాడు. విరిగినచోట బొటనవేలితో తడిమాడు. దాని కింద, నా ఎత్తుకు సరిగ్గా అందేచోట, నా తప్పిన దెబ్బలు మూడు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆయన ఎవరివైపూ చూడలేదు. తాపీగా మోకాళ్లమీద కూర్చుని, యాళి నోటి దగ్గర చెవి పెట్టి, "ఊఁ... ఊఁ... అట్లనా!" అంటూ తలాడించడం మొదలుపెట్టాడు. మా నాయన అరవడం మానేసి నోరు తెరిచాడు. తాత లేచి, "పన్ను నొప్పి తగ్గిందంటరా. పీకినోళ్ల పేరు గూడా చెప్పింది. అది నేను చెప్పను. వాళ్లే వచ్చి చెప్పేదాకా ఈడనే కూర్చుంటా" అని నిజంగానే అక్కడ చతికిలబడ్డాడు.

ఆయన అలా కూర్చోవడం చూశాక ఇక దాక్కోలేకపోయాను. వెళ్లి మూట విప్పి కోరను ఆయన చేతిలో పెట్టాను. "నేనే పీకినా తాతా. స్నేహం చేసుకుందామని" అన్నాను, అని బోరున ఏడ్చేశాను. నాయన చెయ్యి లేపాడు, తాత ఆ చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఏం గుర్తొచ్చిందో, తాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక నన్ను దగ్గరికి లాక్కుని, "రాతికి అతుకు ఉండదు మే, పోయింది పోయినట్లే. ఇప్పుడు ఉన్నదాన్ని సరిజేసుకోవల్ల. నువ్వు గూడా పనిలోకి దిగు" అన్నాడు.

జత యాళులు రెండూ ఒక్కలాగే ఉండాలి. అందుకని తాత మిగిలిన మూడు కోరలూ తనే కొట్టేశాడు. అక్కడ చిన్న గుండ్రటి పళ్లు దిద్ది, పెదవి కొసలు పైకి తేలేటట్లు లోతు చేశాడు. మూడు రోజులు పట్టింది. నేను బావి నుంచి నీళ్లు మోసి, అక్క పక్కన కూర్చుని రాయి రుద్దాను. వేళ్లు బొబ్బలెక్కాయి. రెండో రోజుకల్లా యాళి నోట్లో చెయ్యి పెట్టి మరీ రుద్దుతున్నాను, భయం ఎటు పోయిందో గుర్తే లేదు.

నాలుగో రోజు గుడి పెద్దలు వచ్చారు. అందులో ఒకాయన యాళులను ఎగాదిగా చూసి, "ఏందప్పా, మీ యాళి నవ్వతాంది?" అన్నాడు. తాత తొణకలేదు. "గుడికొచ్చేటోళ్లను చూసి నవ్వక ఏడవల్లనా సామీ?" అన్నాడు. ఆయన యాళి పెదవి కొస తడిమి తనూ నవ్వేశాడు. సాయంత్రానికి రెండు యాళులూ బండెక్కి వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రం బావి దగ్గర అక్కా నేనూ చేతులు కడుక్కుంటున్నాం. నా వల్ల నీకు అన్ని తిట్లు పడ్డాయి కదక్కా అన్నాను. ఆమె నీళ్లు పోస్తూనే, "అన్నం తిని వస్తాంటే, నువ్వు ఉలి పట్టుకోని కొట్టంలోంచి ఉరికేది చూసినాలే" అంది. మరి నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్నయితే తిడ్తారు. నిన్నయితే కొడ్తారు గదా" అంది, అదేదో పెద్ద విషయం కానట్లు.

ఇప్పుడు నాకు మనవరాళ్లు ఉన్నారు. యాళి నోటికి చెవి పెట్టిన తాత కథ చెబితే పడీ పడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. బావి దగ్గరి ఈ మాట మాత్రం చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేకపోయాను, సిగ్గేసేది. తిట్లు పడుతున్నా బదులు చెప్పకుండా తల దించుకుని నిలబడ్డ మనిషిని చూసినప్పుడల్లా, ఆ మనిషి ఎవరిని కాపాడుతోందో అని చుట్టూ చూస్తాను.