నీరటి అడిగిన లెక్క

మొన్న ఆదివారం మా మనవరాలి తరగతి పిల్లలు ఐదుగురు మా ముందరి గదిలో చేరి, బడిలో పెట్టబోయే ప్రదర్శన కోసం థర్మాకోలుతో ఆనకట్ట కడుతున్నారు. జిగురు వాసన, కత్తెర చప్పుడు, నల్లా గొట్టం ఎవరు పట్టుకోవాలన్న పంచాయితీ. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కాసేపు ఓపిక పట్టాను గానీ, నాలాంటి నోరున్న ముసలివాడు ఎంతసేపని ఊరుకుంటాడు? మా కాలంలో మట్టితో నిజమైన చెరువే కట్టామనీ, కలెక్టరు చూస్తుండగా దాని కట్టకు గండి పడితే నేనొక్కణ్నే ఒంటి చేత్తో ఆపాననీ, ఆయన నా భుజం తట్టి నువ్వు ఇంజనీరువి కావాలి అన్నాడనీ చెప్పేశాను. పిల్లలు కత్తెరలు పక్కన పెట్టి మరీ విన్నారు. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, "పోయినసారి జెప్పినప్పుడు తాసిల్దారుండె గదా, గిప్పుడు కలెక్టరయిండా?" అంది.

నా ఈడు వాళ్లు చదువుతారని రాస్తున్నాను కనుక మీ దగ్గర దాపరికం ఎందుకు? కలెక్టరూ లేడు, తాసిల్దారూ లేడు. బహుమతులు నిర్ణయించడానికి వచ్చింది పక్క తాలూకా బడి హెడ్మాస్టరు ఒకాయన. గండి పడ్డ మాట నిజం. ఆపిన చెయ్యి మాత్రం నాది కాదు. దీన్ని మించిన అబద్ధం ఇంకొకటి ఉంది, దాన్ని ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా సైన్సు సారుకు ఒక పట్టుదల ఉండేది. ప్రదర్శనకు పెట్టే వస్తువు ఏదైనా ముగ్గురేసి జట్టుగా, సొంత చేతులతో చెయ్యాలి, బజారులో కొన్న ముక్క ఒక్కటి కనబడినా దాన్ని బయట పెట్టించేవాడు. మా జట్టులో నేను, మా చిన్నాయన కొడుకు, హవేలిఘనపూర్ తోవలో ఉన్న ఒక పల్లె నుంచి రోజూ నడిచి వచ్చే ఒక అమ్మాయి. ఆ అమ్మాయి తండ్రి వాళ్ల ఊరి నీరటి. చెరువు తూము తీసి, మూసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషిని మా వైపు అలా అంటారని మీలో చాలామందికి తెలుసు, తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఆయనకు మోకాళ్లు పట్టేస్తున్నాయట, కట్ట మీద తిరగడానికి ఇంకో మనిషి కావాలట, అందుకని ఈ ఏడాదితో పిల్ల చదువు చాలన్నాడు. మా సారు ఆ ఊరికి పోయి బతిమాలితే, నేను కట్ట మీద నేర్పలేనిది మీరు బడిలో ఏం నేర్పుతున్నారో ప్రదర్శన నాడు వచ్చి కళ్లతో చూసి చెబుతానన్నాడు. అంటే ప్రదర్శనకు మేం కట్టబోయే ఆ మట్టి చెరువు మా ఇద్దరికీ బహుమతి, ఆ అమ్మాయికి మాత్రం చదువు. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. మీరు ఇది గుర్తుంచుకుంటే నేను ఎంత దుర్మార్గుణ్నో తరువాత అర్థమవుతుంది.

కట్టకు మట్టి నేను తెచ్చాను. అల్లాదుర్గ్‌లో మా మేనమామ చేలోంచి సంచెడు నల్లరేగడి బస్సులో వేసుకొస్తుంటే కండక్టరు తిట్టిన తిట్లు ఇప్పటికీ జ్ఞాపకమే, అయినా మా జట్టుకు మంచి మట్టి తెచ్చానన్న గర్వంతో అవి చెవికెక్కలేదు. ఆ అమ్మాయి గుప్పెడు మట్టి నలిపి చూసి, ఇది ఒక్కటే అయితే పగులుతుందని మొరం కలిపింది, కాళ్లతో తొక్కింది, పొరలు పొరలుగా కట్ట వేసింది, ప్రదర్శన దాకా తడి గోనెసంచి తియ్యొద్దని మాకు మరీ మరీ చెప్పింది. వెదురు బొంగుకు ఒకదాని కింద ఒకటి మూడు రంధ్రాలు చేసి కొయ్య బిరడాలు బిగించి తూము పెట్టింది. ఆ తరువాత మాకెవరికీ తోచని పని చేసింది. సారు చేతి గడియారం అడిగి తీసుకుని, చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము కింద పెట్టిన లోటా ఎంతసేపట్లో నిండుతుందో, సగానికి తగ్గాక అదే లోటా ఎంతసేపట్లో నిండుతుందో రాసుకుంది. నీళ్లు తగ్గేకొద్దీ పారే జోరు తగ్గుతుంది కాబట్టి అందరికీ ఒకే వేళ ఇస్తే చివరి మడి వాళ్లకు తక్కువ నీళ్లు అందుతాయని చెప్పి, వాళ్లకు ఎంత వేళ ఎక్కువ ఇవ్వాలో లెక్క గట్టింది. నా చేతిరాత బాగుంటుందని ఆ లెక్కను పెద్ద కాగితం మీదికి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. ఎక్కించాను. కింద ఎర్ర సిరాతో నా పేరు, తీగలూ పూలూ చుట్టి, ఒక్కటే రాశాను. మిగతా పేర్లకు చోటు చాలలేదన్నాను.

"నీ పూలకైతే చోటు దొరికె గదరా," అన్నాడు మా చిన్నాయన కొడుకు.

అది చాలనట్టు, ప్రదర్శనకు ముందు రోజు మధ్యాహ్నం నేను ఒక్కణ్నే బడిలో ఉండి, కట్ట తడిగా నల్లగా ఉంటే చూపుకు ఆనదని, గోనెసంచి తీసి ఎండలో పెట్టాను. సాయంత్రానికి సన్నటి పగుళ్లు వచ్చాయి. జాజు కలిపి పైపైన పూసేశాను, ఎర్రగా నున్నగా పెళ్లింటి అరుగులా తయారైంది. ఎవరికీ చెప్పలేదు.

మరునాడు ఆ నీరటి వచ్చాడు. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాల, చెప్పులు గది బయట విడిచి వచ్చి గోడవారన నిలబడ్డాడు. బహుమతులిచ్చే హెడ్మాస్టరు కాగితం, పెన్నూ పట్టుకుని మా బల్ల దగ్గరికి రాగానే నేను కర్ర పుచ్చుకుని వర్ణన మొదలుపెట్టాను. మా చిన్నాయన కొడుకు బిందెతో నీళ్లు పోస్తున్నాడు. చెరువు ముప్పావు నిండేసరికి కట్ట అడుగున చెమట పట్టినట్టు తడి కనిపించింది. నేను మాట ఆపలేదు. తడి ధార అయింది. ధార పక్కన మట్టి ముక్క ఒకటి ఊడి బల్ల మీద పడింది. నా నోరు ఇంకా ఆయకట్టు గురించి చెబుతూనే ఉంది, చేతులు మాత్రం కర్రకు అతుక్కుపోయాయి. నేను ఆ అమ్మాయిని చూడలేదు, గోడవారన ఉన్న మనిషిని చూశాను. ఆయన కదల్లేదు, కేక వెయ్యలేదు, కళ్లు మాత్రం కూతురి చేతుల మీదే ఉన్నాయి. ఆమె ముందు మూడు బిరడాలూ లాగి చెరువులో మట్టం దించింది, తడి గోనెముక్క చింపి పగులులోకి కుక్కింది, దానిమీద మట్టి పెట్టి మణికట్టుతో అదిమి పట్టుకుంది. ధార సన్నబడి ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. తండ్రి ముఖంలో మార్పేమీ లేదు. ఎందుకుంటుంది? అది ఆయన నేర్పిన పనే.

అప్పుడు ఆయన ముందుకొచ్చి గోడకున్న కాగితం దగ్గర నిలబడ్డాడు. అక్షరాలు కూడబలుక్కుని, వేలు పెట్టి, పై వరస నుంచి కింది వరస దాకా చదివాడు. మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి చదివాడు. తరువాత కర్ర నా చేతిలో ఉంది కాబట్టి నన్నే అడిగాడు.

"గీ లెక్క ఎవలు గట్టిండ్రు కొడుకా?"

హెడ్మాస్టరు పెన్ను కాగితం మీద ఆగి ఉంది. కట్ట పగిలిన సిగ్గు ఇంకా నా చెవుల్లో మండుతోంది. ఒక్క మాట, ఒక్క పేరు చెబితే చాలు. "నేనే," అన్నాను.

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తన చేతుల మట్టి చూసుకుంటూ నిలబడింది. మా చిన్నాయన కొడుకు ఒకసారి దగ్గాడు. "మంచిగున్నది. చివరి మడోళ్లు ఏటేటా నాతోని కొట్లాడేది గిందుకే," అని, తువ్వాల భుజాన సర్దుకుని ఆయన వెళ్లిపోయాడు. మాకు మొదటి బహుమతి వచ్చిందని చెబుతుంటాను. వచ్చింది రెండోది.

సోమవారం ఆ అమ్మాయి బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. మంగళవారం సైన్సు సారు సుద్దముక్క నా చేతికిచ్చి, నీ లెక్క బోర్డు మీద ఇంకోసారి గట్టి చూపమన్నాడు. రెండు అంకెలు వేశాను, మూడోది ఎక్కడిదో నాకు తెలియదు. తరగతి అంతా నా వీపునే చూస్తోంది. కిటికీలోంచి మా ఊరి ఖిల్లా గుట్ట కనిపిస్తోంది, దాని మీదికి పారిపోవాలనిపించింది. సారు కూర్చోమన్నాడు.

మరునాడే మనస్సాక్షి తరిమి నేను ఆ ఊరికి సైకిలెక్కానని రాద్దామనుకున్నాను గానీ, మా చిన్నాయన కొడుకు ఇంకా బతికే ఉన్నాడు, చదువుతాడు. వాడు తోవలో నా చొక్కా పట్టుకుని, "నువ్వు వోయి జెప్తవా, నన్ను మీ బాపుకు జెప్పుమంటవా?" అన్నాడు. అందుకని పోయాను. వాడు వెనక క్యారియర్ మీద కాపలా.

తండ్రి తూము దగ్గర మోకాలిలోతు నీళ్లలో ఉన్నాడు, ఆమె పార పట్టుకుని కట్ట మీద ఉంది. కట్టను ఎండలో పెట్టింది నేనేననీ, లెక్క నాది కాదనీ, మాటలు మింగుతూ చెప్పాను. ఆయన కూతుర్ని అడిగాడు.

"ఆనాడు నీ నోట్లె ఏమున్నదే?"

"అందరి ముందట వాణ్ని అబద్దాలోడంటె మా జట్టంతకే పేరు వోతుండె నాయినా."

అయితే ఆ కాగితం మీది లెక్క ఇక్కడ కట్టి చూపమన్నాడు ఆయన. తూము తీస్తే చివరి మడి ఎప్పటికి తడుస్తుందో చెప్పమన్నాడు. ఆమె నీటిమట్టం చూసింది, తూము కింద కుండ పెట్టి నిండేదాకా లెక్కపెట్టింది, కాలువ పొడవు అడుగులేసి కొలిచి వచ్చింది, కట్ట మీద పుల్ల పాతి, దాని నీడ ఎక్కడికి చేరేసరికి చివరి మడి తడుస్తుందో అక్కడ గీత గీసింది. తండ్రి నన్ను చివరి మడి దగ్గరికి పొమ్మన్నాడు. "నీళ్లొస్తె కేకెయ్యి. గీసారైన నిజం జెప్పు," అన్నాడు.

పోయి గట్టు మీద కూర్చున్నాను. యాసంగి ఎండ, కాలువ అడుగు ఎండి తెల్లబారి ఉంది. ఎంత చూసినా నీటి జాడ లేదు. అంతలో కట్ట మీద మా చిన్నాయన కొడుకు తువ్వాల ఊపాడు, నీడ గీతకు చేరిందని దాని అర్థం. మడి మాత్రం పొడిగానే ఉంది. అంత దూరం నుంచి ఎవరికీ కనిపించదు. ఒక్క కేక వేస్తే ఆమె లెక్క నిజమవుతుంది, బడికి వస్తుంది, నా పాపమూ కడుక్కుపోతుంది. నోరు తెరిచాను కూడా. నా జీవితంలో నోటి దాకా వచ్చిన అబద్ధాన్ని మింగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అది మొదటిది. వాడు మళ్లీ తువ్వాల ఊపాడు. నేను కదల్లేదు. ఆమె చదువును నా చేతులతో ముంచేస్తున్నానని తెలిసి, ఆ పొడి కాలువను చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఎండుటాకులను ముందు తోసుకుంటూ సన్నటి నీటి నాలుక వచ్చింది. అప్పుడు వేశాను కేక.

తిరిగి వచ్చేసరికి నీడ గీత దాటి మూరెడు పోయింది. ఆమె పెదవి కొరుక్కుంటోంది. తండ్రి పుల్లనూ, గీతనూ, ఆమెనూ చూశాడు.

"ఎండిన కాలువ తాగిన నీళ్లు ఎవలు లెక్కవెట్టాలె?"

"నేను ఎయ్యలే నాయినా. మరిసిన."

"ఎంత తాగుతదో మీ సారుకు ఎరుకనా?"

"ఏమో. అడగాలె."

"అయితె రేపు వోయి అడుగు. నాకు గూడ ఎరుక లేదది," అన్నాడు ఆయన, పార తన చేతికి తీసుకుంటూ.

సారుకూ తెలియదు. ఆ ప్రశ్న కోసం మేం ముగ్గురం బడి వెనక కందకం తవ్వి ఎన్ని ఆదివారాలు నీళ్లు మోశామో! ఆమె పదో తరగతి నాతోపాటే రాసి, నాకంటే మంచి మార్కులతో పాసైంది. ఆ పైన కౌడిపల్లి వైపు ఎక్కడో టీచరమ్మ అయిందని విన్నాను, విన్నదానికి ఏమీ కలపడం లేదు.

ఇప్పుడు ఆ తోవ పొడుగునా బోర్లే. స్విచ్చి వేస్తే మడిలో నీళ్లు పడతాయి, నీరటి పనే లేకుండా పోయింది, చివరి మడి వాడికీ మొదటి మడి వాడికీ కొట్లాట లేదు, అది మంచిదే. పిల్లలకూ అడిగిందే తడవుగా ఫోనులో జవాబు దొరుకుతోంది, అదీ మంచిదేననుకుంటాను. కానీ తన లెక్క నిజమో కాదో తేలడానికి ఎండలో నిలబడి, నీళ్లు నడిచి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని ఎదురు చూసే పని ఎవరికీ లేదు. ఆ రోజు ఆ గట్టు మీద నేను ఎంతసేపు కూర్చున్నానో నాకు సరిగ్గా తెలియదు. చాలాసేపు అని మాత్రం చెబుతాను. దానికి ఒక్క నిమిషం కూడా కలపలేను.