చిల్లు లేని అట్టముక్క

ఎల్లారెడ్డి పక్క పల్లెలో రాజమణి అని ఒక ఆమె ఉండేది. ఉండేది అంటే ఏదో అనుకునేరు, ఇప్పటికీ ఉంది, నోరు ఇప్పటికీ గట్టిదే. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి, ఎండాకాలం వచ్చిందంటే చాలు, తల్లి వెంట బీడీల తునికాకు కోయడానికి పోయేది. మొగుడు గంగారాం మస్కట్‌లో సిమెంటు పని. ఈమెకు అక్షరం ముక్క రాదు. కానీ పోచారం చెరువు అవతల ఏ వాగు వర్రె ఎటు మళ్లుతుందో, ఏ బండ వెనక నీళ్లు ఊరతాయో, కళ్లకు గంతలు కట్టి వదిలినా చెప్పేది.

అంత తెలిసిన మనిషికి ఆ అడవిలో వచ్చిన పేరేమిటో తెలుసా? దొంగ. అడవికి కాపలా ఉండే జవాను ఒకడుండేవాడు. ఆమె ఎక్కడ ఎదురుపడినా "ఏం దొంగా, ఏడికి?" అని పలకరించేవాడు. కోపంగా అంటే ఒక తీరు. నవ్వుతూ అనేవాడు. బజారులో అనేవాడు, బస్సులో అనేవాడు, పక్కన చుట్టాలున్నా అనేవాడు. మూడేళ్ల నుంచి ఇదే వరస. ఆమె కడుపులో అది కుంపటిలా ఉండిపోయింది.

తొంభై ఒకటి డిసెంబరులో సైకిల్ షాపు జిలానీ ట్యూబుల కోసం కామారెడ్డి పోయి, బస్టాండు గోడకు అంటించిన కాగితం ఒకటి చదివి వచ్చాడు. హైదరాబాదు క్లబ్బు వాళ్లెవరో అడవిలో పందెం పెడుతున్నారట. పటం చూసుకుంటూ రెండు రోజులు నడవాలి. తొమ్మిది జాగలు వెతికి పట్టుకోవాలి. జట్టుకు ముగ్గురు, అందులో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. జిలానీకి బడి రోజుల నుంచి ఆటల్లో గెలిచే కప్పుల పిచ్చి. నేరుగా రాజమణి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు.

ఆమె పడీ పడీ నవ్వింది. అడవిలో నడవడానికి పందెమేమిటి, పోనీ ఇంట్లో గిన్నెలు కడగడానికి కూడా పెట్టమను అంది. జిలానీ లేచి పోబోతూ, లోపల తిరగడానికి ముద్ర వేసిన కాగితం ఇస్తారని ఒక మాట జారవిడిచాడు.

"ముద్రేసిన కాయితమా?"

"ముద్రే అక్కా. జవాను సుత ఆపరాదు."

"అయితే పోదాం," అంది రాజమణి. మూడో మనిషిగా, మేకలు కాసే తమ్ముడు లింగాన్ని లాక్కొచ్చింది.

అడవి అంచున డేరాలు వేశారు. పదకొండు జట్లు వచ్చాయి. జట్టుకొక ముద్ర కాగితం, పటం, చిన్న అట్టముక్క ఇచ్చారు. బూట్లు, వీపు సంచులు, మెడలో ఈలలు. క్లబ్బు పెద్ద ఒక టోపీ సారు. గంటసేపు ఇంగ్లీషులో నియమాలు చెప్పాడు. అందరూ తలలూపారు. మన ముగ్గురూ ఊపారు, ఊపకపోతే బాగుండదు కదా. చివరికి ఆ జవానును పిలిచి, ఈ ఊరి వాళ్లకు తెలుగులో చెప్పమన్నారు. గంటసేపు చెప్పిందాన్ని వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. తొమ్మిది జాగలకు పోయి రావాలి, ఈ అట్టముక్క పారేసుకోవద్దు. అంతే. ఆ అట్టముక్క ఎందుకో, దానితో ఏం చేయాలో ఒక్క మాట లేదు. చెప్పకుండా పంపి తర్వాత తప్పులు పట్టడం ఎక్కడి న్యాయమో మీరే చెప్పండి.

పటాన్ని క్లబ్బు వాళ్లు చూసినట్టు చూడలేదు వీళ్లు. జిలానీ వేలు పెట్టి, ఇక్కడ వాగు, దానికి పొద్దుమూకే దిక్కున గుట్ట, గుట్ట నడుమ జాగను చూపే సున్నా అని చెప్పేవాడు. రాజమణి కళ్లు మూసుకుని "పాలకుంట" అనేది. ఇంకో సున్నా. "ఎలుగు బండ." అంతే సంగతి. దిక్కులు చూపే డబ్బీ ఒకటి ఇచ్చారు. ఎటు తిప్పినా దాని ముల్లు ఒక్క దిక్కే చూస్తున్నదని లింగం దాన్ని మేకకు మేత చూపించినట్టు అటూ ఇటూ తిప్పి, చివరికి జేబులో పడేశాడు.

మొదటి జాగలో మనిషెవరూ లేరు. నల్లమద్ది కొమ్మకు ఎరుపు తెలుపు బట్ట సంచి కట్టి ఉంది. లింగం చెయ్యి చాచబోతే రాజమణి ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ముట్టకు. ఎవలో ఏం మొక్కుకొని కట్టిండ్రో. కట్టినోళ్లే విప్పాలె."

జిలానీ కూడా అవునన్నాడు. దర్గా దగ్గర చెట్టుకు కట్టిన దారాన్ని వాళ్ల అమ్మ ఖుర్షీద్ బేగం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రెండో జాగలోనూ అదే బట్ట కనిపించేసరికి, ఇది క్లబ్బు వాళ్ల గుర్తేనని ముగ్గురికీ అర్థమైంది. అయితే మాత్రం? ఎవరు కట్టినా కట్టిన బట్టే. చెట్టుకు కట్టిన బట్టలో ఆ దిక్కున ఎవరూ చెయ్యి పెట్టరు. అందుకని మొదటి జాగ నుంచీ రాజమణి తనకు తెలిసిన పనే చేస్తూ పోయింది. తునికాకు కల్లంలో వందమంది కట్టలు ఒకే చోట ఎండుతాయి. ఎవరివి ఎవరివో తెలియాలంటే ఒక్కొక్క ఆడమనిషికి ఒక్కో మడత. ఆకును తన తీరున మడిచి కట్టల మీద పెట్టుకుంటుంది. రాజమణిది మూడు మడతల ఆకు, తొడిమ తలకిందుగా గుచ్చి ఉంటుంది. తొమ్మిది చెట్ల మొదట్లో తొమ్మిది ఆకులు అలా మడిచి, మీద రాయి పెట్టి నడిచింది. వచ్చినం అని చెప్పడానికి అంతకన్న ఏం కావాలి?

రెండో రోజు పొద్దు నడినెత్తికి రాకముందే ముగ్గురూ డేరా దగ్గర తేలారు. అందరికన్న ముందు. రెండు గంటల తర్వాత గానీ ఒక కాలేజీ జట్టు కుంటుకుంటూ రాలేదు. వాళ్ల అట్టముక్క నిండా చిల్లులు. ఎలుకలు కొరికినట్టుంది, పాపం చదువుకున్న పిల్లలు ఒక్క అట్టముక్కను కాపాడుకోలేకపోయారని రాజమణి జాలిపడింది. తనదాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసి, ఒక మడత కూడా పడనిదాన్ని, టోపీ సారు చేతిలో పెట్టింది.

ఆయన ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వెనక్కి తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. డేరా మొత్తం నవ్వింది. జిలానీని ఉర్దూలో అడిగాడు. జిలానీ ముఖం మాడిపోయింది. ప్రతి బట్ట సంచిలోనూ కండక్టరు టికెట్టు కొట్టే కత్తెర లాంటిది ఉంటుందట, దానితో అట్టముక్కకు చిల్లు పెట్టుకోవాలట.

"మనం పోనే లేదంటున్నడు అక్కా. యాడనో చెట్టు కింద పండి లేచొచ్చినమట."

రాజమణి తొమ్మిది జాగలూ చెప్పింది. ఏ చెట్టు, ఏ కొమ్మ, కింద ఏముంది, అన్నీ చెప్పింది. ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? మీరు ఈ ఊరి వాళ్లే కదా, ఇంట్లో కూర్చుని కూడా చెప్పగలరు అన్నాడు. తెలియకపోతే పోలేదంటారు, తెలిస్తే పోకుండానే తెలుసంటారు. ఇంక మనిషి ఎటు పోవాలి?

ఆమె ఆకుల సంగతి చెప్పింది. కాలేజీ పిల్ల ఒకతి, అవును సార్, ప్రతి రాయి కింద మడిచిన ఆకుంది అని, ముచ్చటపడి జేబులో వేసుకున్నది ఒకటి తీసి చూపించింది. సారు దాన్ని వేళ్ల మధ్య తిప్పి, దీని మీద ఎవరి పేరుందని అడిగాడు.

అప్పుడు రాజమణి టీ డబ్బా పక్కన నిలబడ్డ జవాను వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. మూడేండ్ల కింద, ఆకు తెంపొద్దని మూసిన గుట్ట మీద ఒక కట్ట దొరికిందని ఊర్లకు తెచ్చినవ్. నేనా గుట్ట ఎక్కలేదని మొత్తుకున్న. ఇన్నవా? పైన ఆకు మడత చూపెట్టి రాజమణిదే అన్నవ్. పొద్దుమూకెదాంక ఆఫీసు అరుగు మీద కూసోవెట్టినవ్. గప్పుడు ఉండెనా దాని మీద నా పేరు?"

జవాను టీ గ్లాసు కింద పెట్టాడు.

"నన్ను దొంగను చేస్తానికి సరిపోయిన ఆకు, నేను నడిచిన అంటే సరిపోదా? రెంట్ల ఏదో ఒకటి చెప్పు. గిది నాది కాదంటవా? అయితే గది సుత నాది కాదు. ఇగ నన్నెట్ల దొంగంటవ్?"

అందరూ వాడి వైపే చూశారు. వాడు సారు చేతిలోని ఆకును తీసుకుని తొడిమ చూశాడు.

"ఆమెదే సారూ," అన్నాడు చివరికి. "గిట్ల మడిచెటోళ్లు ఈ దిక్కు ఇంకొకలు లేరు."

టోపీ సారు నియమం నియమమే అన్నాడు. చిల్లు లేనిదే గెలుపు లేదన్నాడు. కప్పు కాలేజీ వాళ్లకు పోయింది. జిలానీ ప్రాణం విలవిలలాడింది. రాజమణి మాత్రం కప్పు వైపు చూడనే లేదు. పోయినట్టు రాసియ్యమని అడిగింది. సారు అచ్చు వేసిన కాగితం ఒకటి తీసి పేర్లు నింపి ఇచ్చాడు. జిలానీ కాలేజీ పిల్లను అడిగి తెలుసుకున్నాడు.

"పాల్గొన్నరు అనున్నది అక్కా."

"అంటే?"

"అంటే... వచ్చిండ్రు అని."

"వచ్చుడు అందరొస్తరు. గా టీ డబ్బ సుత వచ్చింది. తొమ్మిది జాగలకు పోయిండ్రు అని రాయుమను."

సారు విసుక్కున్నాడు. నీళ్లు తాగాడు. పొద్దు వాలుతోంది, ఆమె మేజా ముందు నుంచి కదలదు, వెనక జట్లన్నీ నిలబడి ఉన్నాయి. కాలేజీ పిల్లలు కూడా రాయండి సార్ అన్నారు. చివరికి కలం విప్పి, అచ్చు అక్షరాల కింద ఒక వరుస రాశాడు. తొమ్మిది జాగలూ తిరిగారు, అందరికన్న ముందు చేరారు అని.

ఆమె ఆ కాగితాన్ని తీసుకుపోయి జవాను ముందు పెట్టింది. కింద నీ చేతితో తెలుగులో రాయి, సంతకం చెయ్యి అంది. వాడు నసిగాడు. ఆమె కదలలేదు. రాశాడు. లింగం పక్కన నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "రాజమణి పోయింది నిజం."

"ఇగ సల్లగయ్యిందా?" అన్నాడు జవాను కలం మూస్తూ.

"యాడ సల్లగైతది?" అంది రాజమణి. "మూడేండ్లు బజార్ల అన్నవ్. గిప్పుడు డేరాల చెప్తే అయిపాయెనా? రేపు అంగడున్నది. గాడికి రా. గా నోటితోనే రాజమణి దొంగ కాదని నలుగుట్ల చెప్పు."

కాగితాన్ని కొంగున ముడి వేసుకుని, ఎల్లారెడ్డి బస్సు కోసం రోడ్డెక్కింది. మరునాడు వారపు అంగడికి అందరికన్న ముందు పోయి, మిరపకాయల కుప్పల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. జవాను రాలేదు. పై వారం కూడా పోయి నిలబడింది.