ఇంటిపేరు ఒకటైతే సరిపోదని చెప్పిన యాదక్క

నిన్న పొద్దున కాలేజీ బస్సులో ఉండగా చెల్లి ఫోన్ చేసింది.
"యాదక్క పోయింది" అంది.
"ఎక్కడికి?" అన్నాను.

అడిగిన తర్వాతే అర్థమైంది.

శామీర్‌పేట దాటాక, కంపెనీ క్యాబ్‌లోనే గుండె ఆగిందట. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. నలభై నాలుగేళ్లు.

తెలియనివారి కోసం: యాదక్కది రావల్కోల్, వ్యవసాయ కుటుంబం. చాలా ఏళ్లుగా కుత్బుల్లాపూర్‌లో మా గల్లీలోనే ఉండేది. తుర్కపల్లిలో ల్యాబ్ టెక్నీషియన్. రోగుల కఫం నుంచి టీబీ బ్యాక్టీరియాను పెంచి, దాని డీఎన్‌ఏ చదివి, ఏ రకం ఎక్కడ తిరుగుతోందో తేల్చే టీమ్‌లో పని.

మా ఇంటికి ఆమె చేసిన మేలు ఒకటి ఇక్కడ రాసి తీరాలి.

రెండేళ్ల కిందట బాపుకు టీబీ వచ్చింది. మూడు నెలలకు, బాపు పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డులోనే పక్క మిషన్ మీద పనిచేసే మల్లేశ్ కాకకూ వచ్చింది. ఇద్దరూ ఒక స్టడీకి శాంపిల్ ఇచ్చారు. మొదటి రిపోర్టులో ఇద్దరిదీ ఒకే రకం బ్యాక్టీరియా అని తేలింది.

ఆ ఒక్క మాట చాలింది. కాక భార్య మా గుమ్మం తొక్కడం మానేసింది. బాపు తిండి తగ్గించాడు.
"నేనే అంటిచ్చిన బిడ్డా. వాని పిల్లలింక చిన్నోళ్లు" అనేవాడు.

రిపోర్టు పట్టుకుని యాదక్క ఇంటికి వెళ్లాను. పరిశోధన పేరుతో ఒక కార్మికుడి మీద నేరం మోపుతున్నారని, కాలేజీ డిబేట్ ఫైనల్స్‌లో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ మొత్తం విన్నది.

"అయిపోయిందానే నీ స్పీచు? సప్పట్లు కొట్టాల్నా?"

తర్వాత మా ఇంటిపేరు అడిగింది. చెప్పాను.

"మా రావల్కోల్ల గా ఇంటిపేరోళ్లు మస్తుమంది ఉన్నరు. అందరు మీ బాపు కన్నోళ్లేనా?"

రిపోర్టు పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు విడమరిచి చెప్పింది.

ఒకే రకం అంటే ఒకే ఇంటిపేరు, అంతే. ఒక ప్రాంతంలో ఆ రకమే ఎక్కువగా తిరుగుతుంటే ఇద్దరిలో కనిపించడం వింత కాదు. ఒకరి నుంచి ఒకరికి ఈమధ్య సోకిందా అన్నది తేలాలంటే మొత్తం జీనోమ్‌ను అక్షరం అక్షరం పోల్చాలి. తేడాలు కొన్నే ఉంటే అనుమానించాలి. చాలా ఉంటే ఆ రెండూ ఎప్పుడో విడిపోయినవి.

"పోల్చి చెప్పు మరి" అన్నాను.

"నా దగ్గర నంబర్లే ఉంటయి, పేర్లుండయి. ఉన్నా జెప్ప. డాక్టర్ సారునడుగు, పూర్తి రిపోర్టు ఇయ్యమను."

నెల తర్వాత డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. తేడాలు చాలా ఉన్నాయి. కాకకు సోకింది బాపు నుంచి కాదు.

ఆ రోజు బాపు రెండోసారి అన్నం అడిగాడు.

యాదక్కకు చెబితే, "మంచిది. మందులు మాత్రం ఆపనియ్యకు. అంటియ్యలేదని తెలిస్తే రోగం తగ్గినట్టు కాదు" అంది.

ఇప్పుడు నిన్నటి సంగతి.

మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు: "ల్యాబుల ఏదో అంటుకున్నదట, పిల్లల్ని చూడనీకి పంపకుండ్రి." ఆధారం? ఆమె టీబీ ల్యాబ్‌లో పనిచేసేది. అంతే.

రాసినవారు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. డాక్టర్ రాసిచ్చింది గుండెపోటు అని. రెండు నిజాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. వాదించదలిస్తే కామెంట్లలోకి రండి, నేను ఇక్కడే ఉంటాను.

అంత్యక్రియలు జరిగిన రావల్కోల్ దాకా ఆ మెసేజ్ వెళ్లింది. ఇంటి ముందు జనం దూరం దూరంగా నిలబడ్డారు.
"పాడె ఎవలు పడ్తరు?" అని యాదక్క అన్న అడిగాడు.

ముందు మల్లేశ్ కాక కదిలాడు. వెంటనే బాపు. ముందువైపు చెరొక పక్క భుజం పట్టారు. ఆ తర్వాతే మిగిలినవాళ్లు దగ్గరికి వచ్చారు.

వెళ్లిరా యాదక్కా. నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.