అమ్మ పోయాక వచ్చిన పెరుగు

మొన్న మా కంప్యూటర్ చెడిపోయి ఫొటోలన్నీ పోయాయి. నల్లబడిన తెర ముందే కూర్చున్నాను. "పరేషాన్ గాకు నానమ్మా, అత్త ఇంట్ల ఇంకో కాపీ ఉంది" అంటూ మనవరాలు డిస్కు తెచ్చి పెట్టింది. పోయినవాళ్లంతా మళ్లీ తెర మీదికొచ్చారు.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, ఇంట్లో పెరుగు తోడు మిగలకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి పరిగెత్తేవాళ్లం? బన్సీలాల్‌పేటలో అమ్మ పోయాక మా ఇంట్లో పాలు తోడేసేవాళ్లే లేరు. ఓరోజు మాకు పిన్నిలాంటి పక్కింటి ఖతీజా ఖాలా పెరుగు తెచ్చింది.

"మీ అమ్మ ఇచ్చిన తోడే బిడ్డా, దినాం దాంతోనే ఏస్తున్న. జెర తిను."

నోట్లో పెట్టుకుంటే అచ్చం అమ్మ పెరుగే. వెనక అమ్మ నిలబడినట్టు అనిపించి వంటింటి వైపు తిరిగాను. నాన్న అన్నం కలపడం ఆపి, అప్పటికే అటే చూస్తున్నాడు.