నేను దాచిన చీపురు

ఇన్నేళ్ళ జీవితంలో నేను దాచిపెట్టిన వస్తువు ఒకే ఒక్కటి, అది చీపురు. నగలు దాచినవాళ్ళకు, పొలం కాగితాలు దాచినవాళ్ళకు అవి ఏదో ఒకనాడు అక్కరకొస్తాయి. చీపురు దాచి, నాకు అన్నం పెట్టిన మనిషి చేతికి ముప్పు తెచ్చిన తెలివిమంతుణ్ణి ఈ మార్కాపురం మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను. పోయిన వారం మా కోడలు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, "మామా, ఇది మీరు పనిచేసిన కరెంటు ఫ్యాక్టరీనే కదా, పడగొడతాండారు సూడండి" అన్నది. నేను ముప్పై ఏళ్ళు తలెత్తి చూసిన పొగగొట్టం మోకాళ్ళ దగ్గర తూటా తగిలిన ఏనుగులా ఒక్కసారి కూలబడి, తన దుమ్ములో తానే మునిగిపోయింది. కోడలు మళ్ళీ మొదటినుంచి పెట్టి చూపించింది. నేను మాత్రం రెండోసారి దాన్ని చూడలేదు, గొట్టం కింద ఎక్కడో ఉండాల్సిన ఒక ఖాళీ పీపా కోసం వెతుకుతున్నాను.

ఆ కరెంటు కేంద్రం ఉన్న ఊరు పేరు ఎందుకులెండి. మా నాయన ఇక్కడే మార్కాపురం పలకల గనిలో రాయి కొట్టేవాడు. నేను ఐటీఐ గట్టెక్కగానే మా అక్క మొగుడు, కురిచేడు మనిషి, అప్పటికే ఆ కేంద్రంలో బాయిలరు దగ్గర ఆపరేటరుగా ఉన్నవాడు, నన్ను వెంటబెట్టుకుని పోయి అక్కడ పనికి కుదిర్చాడు. వాళ్ళింట్లోనే తిండి, వాళ్ళింట్లోనే పడక, బావ ఎక్కితే సైకిలు వెనక నేను.

కరెంటు పుట్టడమంటే ఏదో చల్లని వ్యవహారమని, తీగెలో సన్నగా పారుతూ వస్తుందని నేననుకునేవాణ్ణి. మీలో చాలామంది ఇప్పటికీ అట్లాగే అనుకుంటూ మీట నొక్కుతూ ఉంటారు, మీ తప్పేమీ లేదు. లోపలికి పోతే తెలుస్తుంది, అది మొదటినుంచి చివరిదాకా కొట్లాటే. వ్యాగన్లలో వచ్చిన బొగ్గును ముందు బద్దలు కొడతారు, తర్వాత మిల్లులో ఇనప గుండ్ల మధ్య వేసి ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నలుపుతారు, ఆ గుండను గాలితో పొయ్యిలోకి చిమ్ముతారు. ఆ పొయ్యి పదంతస్తుల మేడంత. చిన్న అద్దం పెట్టిన కంతలోంచి చూస్తే లోపల మంట రగలడం కనపడదు, తెల్లగా ఉడుకుతున్న వెలుగొక్కటే గోడలను బాదుతూ ఉంటుంది. ఆ గోడలన్నీ గొట్టాలు, గొట్టాల నిండా నీళ్ళు. నీళ్ళు ఆవిరైనాక కూడా వదలరు, దాన్ని మళ్ళీ మంటలోకి తిప్పి తీసుకుపోయి చివరి చుక్క తడి కూడా చచ్చేదాకా కాలుస్తారు. అప్పుడు ఆ కసినంతా టర్బైను రెక్కల మీదికి వదులుతారు. నిమిషానికి మూడువేల చుట్లు. దానికి కట్టిన జనరేటరు తిరిగితేనే మన ఇంట్లో బల్బు వెలిగేది. ఒళ్ళంతా హూనమైన ఆవిరిని చన్నీళ్ళ గొట్టాల మీద పడేసి నీళ్ళు చేసి, పంపుతో నెట్టి మళ్ళీ అదే పొయ్యిలోకి తోలతారు. అక్కడ చచ్చిన ఆవిరికి కూడా సెలవు లేదు. ఇక మాకెక్కడిది?

బావ నాకు మొదటి పాఠం చెప్పింది ఆ కేంద్రంలో కాదు, అక్క వంటింట్లో. ఇడ్లీ కుక్కరు మూత మీద కంతలోంచి ఆవిరి చిమ్ముతుంటే, కంతకూ తెల్లని పొగకూ మధ్య అంగుళం మేర ఖాళీగా కనపడే చోటును చూపించి, "తెల్లగా అవుపడేది ఆవిరి కాదు బామ్మర్దీ. అది సల్లబడి సచ్చినాక అయ్యే నీళ్ళచుక్కలు. బతికుండే ఆవిరి కంటికి అవుపడదు. ఆ ఖాళీ ఉండాదే, అదీ కోసేది" అన్నాడు. నేను తలూపి ఇడ్లీల కోసం చూశాను.

కంటికి కనపడని దాన్ని పట్టుకోవడానికి బావ దగ్గరున్న ఆయుధం చీపురు. గొట్టం ఎక్కడైనా చిల్లుపడితే చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది, ఆ ఇనప మేడలో శబ్దం నాలుగు వైపులా తిరగడం వల్ల ఎక్కడినుంచో తెలియదు. అప్పుడు పొడుగాటి కర్రకు కట్టిన చీపురును ముందుకు చాచి, కిందికీ పైకీ ఆడిస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ పోవాలి. ఉన్నట్టుండి చీపురు పుల్లలు కత్తిరించినట్టు తెగి ఎగిరిపోతే చిల్లు అక్కడ ఉన్నట్టు. ఊరికొచ్చినప్పుడల్లా బావ మార్కాపురం సంతకు పోయి, పుల్లలచెరువు అవతల అడవి నుంచి చెంచు ఆడవాళ్ళు తెచ్చే కొండచీపుర్లను ఒక్కొక్కటీ వంచి చూసి, దులిపి చూసి కొనేవాడు. "ఏందన్నా, మీ ఇంట్ల ఆడోళ్ళు లేరా, నువ్వు ఏరతాండావు?" అని వాళ్ళు నవ్వితే, "ఉండారు తల్లీ. ఊడ్చే పని నాదీ, కేకలేసే పని వాళ్ళదీ" అని తనూ నవ్వేవాడు.

నేను నవ్వలేకపోయాను. మా వైపు మగవాడు చీపురు ముట్టుకుంటే ఊరంతా నవ్వి పండగ చేసుకునేది. ఆ చీపురు కట్టను రైలు పెట్టెలో నా నెత్తిన పెట్టి మోయించేవాడు బావ. కేంద్రంలో తోటి కుర్రకారు నాకు 'చీపురోడి బామ్మర్ది' అని పేరు పెట్టారు. ఒకనాడు పొద్దున పెద్ద అధికారులు చూడటానికి వస్తున్నారని తెలిసింది. వాళ్ళ ముందు బావ చీపురు భుజాన వేసుకుని నిలబడితే నా పరువు ఆవిరైపోతుందని, ఆయన టీ తాగుతుండగా దాన్ని తీసుకుపోయి మూడంతస్తుల కింద, బొగ్గు మిల్లు వెనక, ఖాళీ పీపాలో తలకిందులుగా దూర్చి వచ్చాను.

గంట తిరక్కుండానే ఈల పడింది.

ఈల అంటే చిన్న మాట. ఇనుమును ఎవరో బతికుండగా చీరుతున్నట్టు ఉంది. నేలమీది జాలీ పలకలు అదిరాయి. పై అంతస్తులో వేడి పోకుండా గొట్టాలకు దూది తొడుగు చుట్టే కూలీలు ఇద్దరు ఉన్నారు, వాళ్ళు చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయి, దిగే దారి తెలియక కేకలు వేస్తున్నారు. బావ చెయ్యి వెనక్కి చాచాడు, ఎప్పుడూ చీపురు ఆనించి ఉండే మూల కోసం. మూల ఖాళీ. నా వైపు చూశాడు. పలకల ఊళ్ళో పుట్టిన నేను పలకాల్సిన ఆ ఒక్క క్షణంలో పలకలేదు, మెట్లవైపు పరుగుపెట్టాను.

చీపురు పట్టుకుని రొప్పుతూ పైకి వచ్చేసరికి కూలీలిద్దరూ దిగి వస్తున్నారు, వాళ్ళ వెనక బావ. చీపురు లేదు గనుక ఎడమ చెయ్యి ముందుకు చాచి, ముఖం పక్కకు తిప్పుకుని, ఆ చేతినే కిందికీ పైకీ ఆడిస్తూ పోయి వాళ్ళను వేరే దారిన తెచ్చాడట. చొక్కా చెయ్యి మోచేతి దగ్గర కత్తిరించినట్టు తెగిపోయి ఉంది. మధ్య మూడు వేళ్ళు సగానికి లేవు. నెత్తురు కూడా అంతగా లేదు, మాంసం ఉడికి తెల్లబడింది. ఆయన తువ్వాలుతో దాన్ని చుట్టుకుంటూ నా చేతిలోని చీపురును చూశాడు. 

"ఇంగ ఊడ్చు పో, బామ్మర్దీ" అన్నాడు.

ఊడ్చాను. బావ చేతికి ఆవిరి తగిలిందేగానీ చిల్లు ఏ గొట్టానిదో ఇంకా తేలలేదు. అప్పటికే వచ్చిన అధికారులు, కుర్రకారు అందరూ చూస్తుండగా, చీపురు ముందుకు చాచి పోయాను. నాలుగో స్తంభం దగ్గర పుల్లలు గుప్పెడు తెగి నా ముఖాన పడ్డాయి. ఆ చోటు చూపించాక పొయ్యి ఆర్పారు. పైన ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వులు తెరుచుకుని గంటసేపు ఆకాశం మీదికి గర్జించాయి. ఆ చప్పుడు ఇప్పటికీ కుక్కరు కూత వేసినప్పుడల్లా నా వెన్నులో లేస్తుంది.

ఆసుపత్రిలో అక్క అడిగింది, "చేతిలో చీపురుండాల్నే, ఏమైంది?" అని. బావ, "అరిగిపోయింది, కొత్తది తేలే" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అట్లా చూస్తూనే పెళ్ళి చేసుకున్నాను, ఆపరేటరునయ్యాను, రిటైరయ్యాను. బావ మాత్రం కుడిచేత్తో చీపురు పట్టి ఆఖరి రోజుదాకా పనిచేశాడు, నన్ను ఒక్కమాట అనలేదు. అంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు గొట్టం చెమర్చినా గదిలో కూర్చున్నవాడికి తెర మీద తెలుస్తుందట, లోపలికి యంత్రాలే పోతాయట. మంచిదే, ఎవరి వేళ్ళు వాళ్ళకు ఉంటాయి. గిద్దలూరు దారిలో ఎండకు పరిచిన సోలారు అద్దాలు కిక్కురుమనకుండా కరెంటు చేస్తున్నాయి. వాటి పక్కన నిలబడితే ఇంత నిశ్శబ్దంగా పుట్టేదానికి మేమెందుకు అంత రక్తం ఉడికించుకున్నామా అనిపిస్తుంది. కానీ ముందు నడిచేవాడు తన చెయ్యి చాచి వెనకవాళ్ళను దాటించే కాలం కూడా ఆ పొగగొట్టంతోనే కూలిపోయినట్టుంది.

ఆ పాత యూనిట్టును ఇనుము కింద కోసేటప్పుడు, అక్కడే మిగిలిన స్నేహితుడొకడు మూరెడు గొట్టం ముక్క నా కోసం పక్కన పెట్టాడు. అదే గొట్టమో, దాని పినతండ్రి కొడుకో, నేను మాత్రం అదేనని నమ్ముతున్నాను. ఇద్దరు మనుషులు మోసి ఆటో ఎక్కించారు. మొన్న బావనూ అక్కనూ కురిచేడు నుంచి పిలిపించి, వాకిట్లో దాన్ని నిలబెట్టి, పీపా సంగతి చెప్పేశాను.

బావ సగం వేళ్ళతో గొట్టం అంచు తడిమాడు. అక్కే అన్నది: "నాకు తెలుసు లేరా. ఆ పొద్దు నీ చొక్కా ఉతికింది నేను గాదూ? బొగ్గు మిల్లు మసి అది. ఆపరేటరు కాడ పైన ఉండేవోనికి ఆ కింది మసి యాడిది? చీపురు యాడ బోయిందో అప్పుడే తెలిసె."

సంతలో కొన్న కొత్త కొండచీపురు తెచ్చి వీధి వాకిలి మొత్తం, పక్కింటివాళ్ళు అరుగుమీదికొచ్చి చూస్తుండగా, ఈ వయసులో నడుం వంచి ఊడ్చాను. ఊడ్చి, మా బావ వేళ్ళు తిన్న ఆ గొట్టం నోట్లో చీపురును అడుగుదాకా గుచ్చి పెట్టాను. అప్పటినుంచి రోజూ పొద్దున అట్లాగే చేస్తున్నాను. ఆ గొట్టం మాత్రం కిక్కురుమనడం లేదు.