కనిగిరి పసరు, భార్గవి సూది

మీ ఇంట్లో పదహారేళ్ల పిల్ల అన్నానికి ముందు ఇన్సులిన్ సూది పొడుచుకుంటుంటే మీరు ముందుగా మూసేది ఏమిటి? తలుపా, ఆ పిల్ల నోరా?

కనిగిరి దగ్గర ఒక పల్లెలో షుగరుకు పసరు పోస్తున్నారనీ, తాగేవాళ్లు తమ మందులన్నీ అక్కడి బుట్టలో వేసి రావాలనీ విన్నాను. కళ్లారా చూద్దామని ఆదివారం ఉదయం ఆరింటికి గుంటూరులో బస్సెక్కాను. పక్క సీట్లో తల్లీకూతుళ్లు. మంగళగిరిలో మగ్గం నేసే కుటుంబం. ఇంటర్ చదివే భార్గవి ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. ఆరో తరగతి నుంచీ సూదే ఆధారం. వాళ్ల ప్రయాణమూ పసరుకే.

చిలకలూరిపేట దగ్గర పత్తి లారీల వెనక బస్సు చాలాసేపు ఈడ్చుకుంటూ నడిచింది. దర్శి దాటాక కళ్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకు బస్సంతా తుమ్మింది. పొదిలిలో టిఫిన్‌కి ఆపారు. భార్గవి ఇడ్లీ పొట్లం కొనుక్కుంది.

"పరగడుపున తాగాలన్నారే," అంది తల్లి.

"తాగేదాన్నైతే కదా."

వేలు గుచ్చి షుగరు చూసుకుని, సూది తీసింది. తల్లి గబుక్కున పమిట తెరలా పట్టింది.

"పదిమందిలో ఎందుకే?"

"ఆకలి కూడా పదిమందిలోనే వేసిందమ్మా."

వెనక సీటు ముసలావిడ తొంగిచూసింది. "ఈ వయసులో షుగరేంటే? స్వీట్లు తెగ లాగించావా?"

"లేదు మామ్మా. నీ వాటా స్వీట్లు కూడా నేను ముట్టుకోలేదు."

బస్సు నవ్వింది. తల్లి నవ్వలేదు.

కనిగిరి నుంచి ఆటోలో వెళ్లాం. రేకుల షెడ్డు, జనం బారు, ఆ చివర బుట్ట. అందులో మాత్రలు, సిరంజీలు. పసరు పోసే ఆయన మర్యాదగానే చెప్పాడు: "సూది ఇందులో వేస్తేనే పసరు పనిచేస్తుందండి."

"మానేశాక ఎవరైనా పడిపోతే?" అని అడిగాను.

"పథ్యం తప్పినట్టు."

ఎంత వాటమైన వాదన! బతికితే పసరు గొప్ప, చస్తే రోగి తప్పు.

తల్లి ఇన్సులిన్ సంచి తీసి బుట్ట మీదికి చెయ్యి చాపింది. భార్గవి ఆ మణికట్టు పట్టుకుంది.

"సూది లేనప్పుడు నన్ను స్ట్రెచర్ మీద చూశావుగా. మళ్లీ చూస్తావా?"

"బతికినంతకాలం పొడుచుకుంటావా మరి?"

"పొడుచుకుంటేనే బతికేది."

చెయ్యి చాలాసేపు బుట్ట మీదే ఆగింది. తర్వాత సంచి తల్లి చంకలోకి తిరిగొచ్చింది. మా వెనక నిలబడ్డ పెద్దాయన తన మాత్రల డబ్బా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో పెరుగన్నం పొట్లాలు విప్పాం. భార్గవి సూది తీయగానే తల్లి చెయ్యి అలవాటుగా పమిట మీదికి వెళ్లింది. ఒక్క క్షణం ఆగి, ఆ కొంగు నడుముకు దోపుకుంది.

"బస్సు కుదుపుతోంది, చూసుకుని పొడుచుకో," అంది.

ఆ దారంతట్లో నాకు కనిపించిన వైద్యజ్ఞానం అదొక్కటే.

ఈ పిల్లల్ని కాటేసేది షుగరు ఒక్కటే కాదు, మన సిగ్గు కూడా. మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే ఇవాళే ఆ తలుపు తెరవండి, నలుగురిలో కూర్చోబెట్టి తిననివ్వండి. బుట్ట మీదికి ఏ చెయ్యి సాగినా, అది మీదే అయినా సరే, పట్టుకుని ఆపండి.